అల్లుడు మరిచిన విద్య

మేకలకుంటపల్లిలో ఒకరికొకరు ఎదురైతే "బాగున్నావా" అని అడగరు. "పురుగు బాగుందా?" అని అడుగుతారు. దానికి జవాబు ఒక్కటే, "బాగుంది." పురుగు నిజంగా బాగున్నా బాగుందే, చచ్చి షెడ్డంతా కంపు కొడుతున్నా బాగుందే. పట్టుపురుగు చచ్చిన ఇంటికి పేరు పోతుంది. ఆ ఇంట్లో ఏదో మైల ఉందనీ, ఎవరో ఆడమనిషి చేయరాని పని చేసిందనీ ఊరు చెవులు కొరుక్కుంటుంది. అందుకని పంట పోయినవాళ్ళు తెల్లవారకముందే తట్టలెత్తుకుని తోట చివరికి పోతారు. గుంత తీసి, పురుగుని పూడ్చి, మీద ఎండుటాకు కప్పి, తలస్నానం చేసి వచ్చి ఏమీ జరగనట్టు పొయ్యి వెలిగించుకుంటారు. పక్కింటివాడికి తెలియదు. తెలిసినా తెలియనట్టే ఉంటాడు, రేపు వాడి గుంత వాడు తీసుకోవాలి గనక.

హేమావతి ఆ ఊరి పిల్ల. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెనక తట్ట మోసింది. "ఎవురన్నా అడిగితే ఏమంటావు?" అని తల్లి అడిగితే, "బాగుందంటా" అని చెప్పి మెప్పు కూడా పొందింది. తర్వాత సూక్ష్మజీవుల మీద పెద్ద చదువు చదివి, డాక్టరేటు పుచ్చుకుని, ఊరికి బస్సులో గంట దూరంలో ఉన్న పట్టుపురుగుల పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త అయింది. చదువు మనిషిని మారుస్తుందంటారు. మార్చదని నేననను. ఎంతవరకు మారుస్తుందనేదే పేచీ.

ఆ కేంద్రానికి పెద్ద సీతాపతిగారు. కృష్ణా జిల్లా మనిషి. మాట్లాడితే నవ్వించకుండా వదలడు. సీమలో వానలు పడని యేడు మల్బరీ ఆకు ముదిరి పసుపు పడుతుందనీ, ఆ ఆకు తిన్న పురుగు బలం చాలక గూడు కట్టలేకపోతుందనీ చూసి, ఆయన ఒక ఊహ చేశాడు.

"పేనుబంకని చూడమ్మా హేమావతీ," అన్నాడు ఒకరోజు. "చెట్టు రసం తప్ప ఇంకోటి తాగదు. ఆ రసంలో ఏముంది, నా మొహం! తీపి నీళ్ళు. అయినా అది నిక్షేపంలా బతుకుతోంది. ఎందుకూ? దాని ఒంట్లో కణాల లోపల ఒక బాక్టీరియా కాపురం ఉంది. దానికి కావలసినవన్నీ వండి వారుస్తోంది. మన పురుగుకీ అట్లాంటి వంటవాణ్ణొకణ్ణి పెట్టలేమా?"

ఆ వంటవాణ్ణి పెట్టే పని హేమావతిది. మల్బరీ తోట మట్టిలో దొరికిన ఒక బాక్టీరియాని పట్టింది. వెంట్రుకకన్నా సన్నని గాజు సూదితో పట్టుపురుగు గుడ్డులోకి ఎక్కించింది. గుడ్లు కుళ్ళిపోయాయి. మళ్ళీ ఎక్కించింది, మళ్ళీ కుళ్ళిపోయాయి. పెళ్ళి సంబంధాలు వచ్చి వెనక్కి పోయాయి గానీ ఆమె సూది వదల్లేదు. చివరికొక గుడ్డు పగిలి పురుగు బయటికొచ్చింది. సూక్ష్మదర్శిని కింద దాని కొవ్వు కణాల్లో ఆకుపచ్చ చుక్కలు మెరిశాయి. గుర్తుపట్టడానికని బాక్టీరియాకి వాళ్ళు వేసిన మెరుపు అది. ఆ పురుగు సీతాకోకై గుడ్లు పెడితే ఆ గుడ్లలోనూ చుక్కలు మెరిశాయి. తల్లి నుంచి పిల్లకి, పిల్ల నుంచి దాని పిల్లకి. ముదురాకు, ఎండుటాకు ఏది వేసినా ఆ పురుగు మేసి, దిట్టమైన గూడు కట్టింది.

"ఇల్లరికపు అల్లుడు దొరికాడు!" అని సీతాపతిగారు గంతేశాడు. అప్పటినుంచి కేంద్రంలో ఆ బాక్టీరియా పేరు అల్లుడే. పొద్దున్నే కాఫీ తాగుతూ "అల్లుడుగారు లేచారా?" అనుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది.

ఇల్లరికం వెళ్ళినవాడు మునుపటిలా ఉంటాడా? మట్టిలో ఒంటరిగా బతికిన రోజుల్లో అల్లుడికి ఎన్నో విద్యలుండేవి. ఈదడం, తిండి వెతుక్కోవడం, శత్రువుని తరమడం, చలికీ ఎండకీ ఓర్చుకోవడం, ఒక్కో విద్యకూ ఒక్కో జన్యువు. పురుగు కణంలో చేరాక అన్నీ కూర్చున్నచోటికే వస్తుంటే ఆ విద్యలెందుకు? తరం తరానికీ ఒక్కొక్కటే వదిలేస్తూ వచ్చాడు. హేమావతి ఏటా అల్లుడి జన్యువుల్ని చదివించేది. అవి తగ్గిపోతుంటే అందరికీ సంబరంగా ఉండేది. "సామాను తగ్గించుకుంటున్నాడంటే కాపురం కుదిరిందన్నమాటే," అని సీతాపతిగారు ప్రతిసారీ మైసూరుపాకు తెప్పించేవాడు. పురుగు కూడా తక్కువది కాదు. అల్లుడు వండుతున్నాడు కదా అని తన వంట తాను మరిచింది. పురుగు లేకుండా అల్లుడు బతకడు, అల్లుడు లేకుండా పురుగు బతకదు. ఇది తెలిసిన రోజు ఇంకో కిలో మైసూరుపాకు వచ్చింది.

ఆ సంబరాల్లో ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఇదంతా చల్లని గదిలో జరిగింది.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం కేంద్రంలో కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. హేమావతి పరుగున వచ్చేసరికి పెంపకం గది పెనంలా ఉంది. సాయంత్రానికి కరెంటు వచ్చింది, గది చల్లబడింది. పక్క గదిలో ఉన్న మామూలు పురుగులు కాసేపు తలలు వాల్చి, తేరుకుని, మళ్ళీ మేతలో పడ్డాయి. అల్లుడున్న పురుగులు మేత ఆపనే లేదు. చూసి ఆమె ఊపిరి పీల్చుకుంది.

మర్నాడూ మేశాయి, ఆ మర్నాడూ మేశాయి. మేస్తూనే సన్నబడ్డాయి. నోట్లో ఆకు ఉండగానే ముడుచుకుపోయాయి. హేమావతి ఒకదాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. ఆకుపచ్చ చుక్క ఒక్కటి లేదు. కణాల్లో గదులు గదుల్లాగే ఉన్నాయి, అల్లుడు మాత్రం లేడు. కంప్యూటరు ముందు కూర్చుని వాడు వదిలేసిన జన్యువుల్ని వెతికితే, ఎండ దెబ్బ నుంచి కాపాడే జన్యువు కూడా అందులో ఉంది. పోయిన యేడే పోయింది. దానికీ కలిపే మైసూరుపాకు తిన్నారు.

అప్పుడు లేచి సీతాపతిగారి గదికి వెళ్ళవలసింది. వెళ్ళలేదు. పొద్దున్నే ఎవరూ రాకముందు వచ్చి, చచ్చిన పురుగుల్ని తట్టకెత్తి, కేంద్రం వెనక మల్బరీ పాదుల చివర గుంత తీసింది. పూడ్చింది, ఎండుటాకు కప్పింది. చేతులు కడుక్కుంటూ ఉంటే, తను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. కొళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయింది. డాక్టర్ హేమావతి చేయవలసిన పని కాదది. కానీ ఆ పొద్దున అక్కడున్నది డాక్టర్ హేమావతి కాదు, పురుగు చచ్చిన ఇంటి ఆడపిల్ల.

కాసేపటికి సీతాపతిగారు వచ్చాడు. అక్కడ పనిచేసి పనిచేసి ఆయనకీ ఊరి పలకరింపు పట్టుబడింది.

"ఏమ్మా, పురుగు బాగుందా?"

"బాగుంది సార్."

ఆ ప్రశ్నకి ఇంకో జవాబు ఉంటుందని ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అన్న తర్వాత దిద్దుకోవచ్చు. మధ్యాహ్నం దిద్దుకుందామనుకుంది. మధ్యాహ్నం ఆయన చల్లగదిలో దాచి ఉంచిన కొత్త గుడ్లని మొట్టమొదట మేకలకుంటపల్లికే ఇద్దామని, "మీ ఊరికి నీ చేత్తోనే ఇద్దువుగాని," అని పసిపిల్లాడిలా మురిసిపోతూ చెప్పాడు. ఆయన వచ్చే నెల రిటైరవుతాడు. ఆమె సరేనంది. ఊళ్ళోవాళ్ళు షెడ్డులకి తడి గోనెలు కడతారులే, అంత వేడి ఎక్కనివ్వరులే, అక్కడే ఉన్న మా అక్కావాళ్ళు జాగ్రత్తపరులులే అని తనకి తాను చెప్పుకుంది. ఎండ ముదిరితే ఆ ఊళ్ళో తడి గోనె గడియకోసారి ఎండిపోతుందని తెలియని మనిషా ఆమె!

గుడ్లు ఊరికి వెళ్ళాయి. ఆ యేడు ఎండలు మండిపోయాయి.

అక్క నంజమ్మ ఫోను చేసినప్పుడల్లా "పురుగు బాగుందే" అంటూనే ఉంది. ఆ మాట విన్నకొద్దీ హేమావతికి అన్నం సయించకపోయింది. ఒక ఆదివారం ఉండబట్టలేక బస్సెక్కి వెళ్ళింది. అక్క ఇంటి వాకిట్లో అడుగుపెట్టగానే వాసన ముక్కుకి కొట్టింది. ఎంత డెట్టాల్ చల్లినా ఆ వాసన దాగదు.

"లోపలికి రావద్దు. మెల్లగా మాట్లాడు," అంది నంజమ్మ గుమ్మంలోనే. ఆ ఇంట్లో పోట్లాట కూడా గుసగుసల్లోనే జరుగుతోంది. "అంతా పాయనే హేమా. రేత్తిరి మీ గంగాధరుడు మిగిలిన తట్టలు గూడా పూడ్చొచ్చినాడు. మేస్తానే ఉండాయి, మేస్తానే ఎండిపాయినాయి. ఇట్లాంటి సావు నా బతుకులో సూడల్యా."

అక్క కొడుకు గంగాధరుడు అరుగు మీద తల వంచుకుని కూర్చున్నాడు. గోళ్ళలో మట్టి అలాగే ఉంది. మేకల దొడ్డి పక్కన, ఎండలో, వాడి పెళ్ళాం చైత్ర నిలబడి ఉంది. పెళ్ళయి ఏడాది దాటలేదు. డిగ్రీ చదివిన పిల్ల. వచ్చిన దగ్గర్నుంచీ షెడ్డులో ఆకు తరగడం, పురుగు కింద చెత్త తీసి పక్క మార్చడం అన్నీ తనే చేసేది. కాళ్ళ దగ్గర బట్టల సంచి ఉంది.

"ఆ పిల్ల ఎండలో ఏంటికి నిలబడింది?" అంది హేమావతి.

"ఆ మాతల్లికి ముట్టు. ముట్టుతోనే షెడ్డులోకి పాయె. నాకు చెప్పల్యా. ఇంగ పురుగు సావకేం సేస్తాది? వాళ్ళమ్మకి ఫోన్ చేసినా, వచ్చి తోలకపోమని. ఊరోళ్ళడిగితే దీనికి నోరెక్కువని చెప్తాం. పురుగు సంగతి మాత్రం బయటికి రాకూడదు."

చైత్ర గబగబా నాలుగడుగులు ముందుకొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నేను పోలేదు చిన్నత్తా. నా దినాలయిపోయి ఎప్పుడో తలకి నీళ్ళు పోసుకున్నా. దేవుని మీద ఆన పెట్టినా వినరు. మీరు సదువుకున్నోళ్ళు, మీరే చెప్పండి. పోయినా గూడా, దానికి పురుగు సస్తాదా?"

"చావదు," అంది హేమావతి. ఆ ఒక్క మాట గట్టిగానే అంది. "అది ఉత్త మూఢనమ్మకం అక్కా."

"సరే, దానికి సావదు," అంది నంజమ్మ. "మరి దేనికి సచ్చినాయో నువ్వే చెప్పు. నీకంటే తెలిసినోళ్ళెవరు?"

అదిగో, అక్కడ చెప్పవలసింది. హేమావతి అక్క మొహంలోకి చూసింది. ఆ మొహంలో అనుమానం లేదు. చెల్లెలంటే గర్వం తప్ప ఇంకేం లేదు.

"ఎండలు ఎక్కువున్నాయి కదా..." అని నసిగింది.

"ఎండ ఈ యేడే పుట్టిందా? ఎండలో మనమ్మ పురుగు సాకల్యా?" నంజమ్మ కోడలి వైపు తిరిగింది. "ఇనుకో. అవి నా చెల్లెలు ఇచ్చిన గుడ్లు. ఊరంతటికీ ఇచ్చింది. ఊరంతా బాగుండాదంటాండారు. వాటికి వంక పెడితే నాలిక కోస్తా. తప్పు ఈ ఇంట్లోనే ఉండాది."

చైత్ర అత్త వైపు చూడలేదు. హేమావతి వైపే చూస్తూ నిలబడింది. ఇంకో మాట కోసం చూస్తున్నట్టు, కాసేపు అలాగే చూసింది. హేమావతి చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగింది. పట్టీ బాగానే ఉంది. తలెత్తేసరికి ఆ పిల్ల మళ్ళీ మేకల దొడ్డి దగ్గరికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బస్సుకి తల్లి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కూతుర్ని తీసుకుపోయింది. హేమావతి కూడా అన్నం తినకుండానే బయల్దేరింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూడలేకపోయింది. తన మీద తనకి పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. నూరు గుంతలు తీసి పూడ్చినా అది పూడదు.

నాలుగు రోజులకి గంగాధరుడు ఫోను చేశాడు. "చిన్నమ్మా, సోమవారం పెద్దమనుషులు కూర్చుంటాండారంట. తెగదెంపులు చేసేస్తారంట. అమ్మ ఇనేట్టు లేదు. నువ్వొక మాట చెప్పు చిన్నమ్మా, నువ్వు చెబితే ఇంటాది," అని ఏడ్చాడు.

ఫోను పెట్టేసి హేమావతి తిన్నగా సీతాపతిగారి గదిలోకి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కరెంటు పోయిన రోజు నుంచి చెప్పుకుంటూ వచ్చింది. ఎండ జన్యువు సంగతి, పాదుల చివర గుంత సంగతి, అక్క ఇంటి సంగతి. ఆయన మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది.

"నేనడిగితే బాగుందన్నావు కదమ్మా?"

"మా ఊళ్ళో అంతే అంటాం సార్."

ఆయనకి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది ఆమెకి. "మీ అక్కగారి ఇంట్లో పోయింది నిజమే కావచ్చు," అన్నాడు మెల్లగా. "కానీ మిగతావాళ్ళందరికీ నిన్ననే ఫోను చేయించాను. ఒక్కళ్ళు కూడా పోయిందనలేదు. ప్రతి ఇంటివాళ్ళూ బాగుందనే..."

మాట మధ్యలో ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

"అందరికీనా?"

"అందరికీ సార్. ఎవరి మటుకు వాళ్ళు తమ ఒక్కళ్ళకే పోయిందనుకుంటున్నారు."

"ఆ జన్యువు మళ్ళీ ఎక్కిద్దాం. వచ్చే విడతకి..."

"ఎక్కించినా వాడు మళ్ళీ పారేస్తాడు. మనం నీడపట్టున పెంచినన్నాళ్ళూ వాడికి ఎండతో పనేముంది?" అంది హేమావతి. "ముందు ఊరికి చెప్పాలి సార్."

"నోటీసు రాసి పంపిస్తాను. తప్పు కేంద్రానిదని నేనే సంతకం పెడతాను. నీ పేరెందుకు?"

ఆయన మంచితనం ఆమెకి మరీ బరువైంది. వద్దని తల అడ్డంగా ఊపింది. నోటీసు వచ్చి, పంచాయతీ గోడకి అంటుకుని, ఎవరో చదివి ఇంకెవరికో చెప్పేలోపల సోమవారం అయిపోతుంది.

ఊళ్ళో పొద్దున్నే అన్ని ఇళ్ళవాళ్ళూ కలిసే చోటు పాల కేంద్రం ఒక్కటే. మర్నాడు హేమావతి మొదటి బస్సుకి దిగి అక్కడికి వెళ్ళింది. క్యాన్లు పట్టుకుని జనం వరసలో నిలబడి ఉన్నారు. పాలు పోయించుకునే కదిరప్ప, ఊరి పెద్ద, ఆమెని చూసి లేచాడు.

"ఏమ్మా డాట్రమ్మా, ఇంత పొద్దున్నే వచ్చినావు. పురుగు బాగుందా?"

"లేదు కదిరప్ప మామా. మా కేంద్రంలో పురుగు చచ్చిపోయింది."

వరసంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగింది. ఆ మాట ఆ ఊళ్ళో నలుగురిలో ఎవరూ అనగా వినలేదు వాళ్ళు.

"మీకు గుడ్లిచ్చే ముందే చచ్చిపోయింది. పురుగు లోపల మేము పెట్టిన సూక్ష్మజీవి ఎండకి ఆగలేదు, అది చావగానే పురుగు కూడా చచ్చింది. నేనే గుంత తీసి పూడ్చినాను. ఎవురికీ చెప్పలేదు. తెలిసి తెలిసి మీకు గుడ్లిచ్చినాను." వరసలో ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగింది. "మీ ఇళ్ళల్లో పురుగు చచ్చింటే అది మీ ఇంటి తప్పు కాదు. ఏ ఆడమనిషి తప్పూ కాదు. నాది."

అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఉలకలేదు పలకలేదు. కదిరప్ప చేతిలో పాల కొలత అలాగే ఉండిపోయింది. ఆయన దాన్ని కింద పెట్టాడు.

"మాదీ పాయ," అన్నాడు నేల చూస్తూ.

"మాదీ పాయ," అన్నారు వెనక నుంచి ఎవరో. ఆ తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక అని లేదు. మగవాళ్ళు తిట్టారు. ఒకడు క్యాను నేలకేసి కొట్టాడు. పాలన్నీ హేమావతి కాళ్ళ కిందికి పారాయి. ఆమె కాళ్ళు తీయలేదు. తిట్లు ఆమెకి ఒకందుకు తేలికగానే ఉన్నాయి. తేలిక కానిది ఆడవాళ్ళ మౌనం. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

హనుమక్క అనే ముసలావిడ మొదట నోరు విప్పింది. "మా ఇంట్లో నన్నే అనిరి. మొగుడు పోయిన ముండవి, నీ నీడ తగిలిందని నా కొడుకే అనె. పది దినాలాయ నాకు వసారాలోనే కూడు." ఆమె కొడుకు అక్కడే ఉన్నాడు. ఇంకొకామె, ఇదే నింద పడి తన కూతురు స్కూలు మానేసి ఇంట్లో కూర్చుందని చెప్పింది. కదిరప్ప ఇంట్లో ఎవరి మీదికి పోయిందో ఆయన చెప్పలేదు, ఆయన పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కణ్ణించి వెళ్ళిపోయింది. ఊళ్ళో ఎన్ని షెడ్డులున్నాయో అన్ని ఇళ్ళలో ఒక్కొక్క ఆడమనిషి దోషి అయి ఉంది. మాదీ పాయ అని అంత తేలిగ్గా అనేసిన మగవాళ్ళు అప్పుడు క్యాన్ల మూతలు సర్దుకుంటున్నారు. హేమావతికి ఒక్క చైత్ర సంగతే తెలుసు. ఇంతమంది ఉంటారని అనుకోలేదు. అనుకోవలసింది.

నంజమ్మ ఎప్పుడొచ్చిందో జనం వెనక నిలబడి అంతా విన్నది. చెల్లెలి దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఇంటి గుట్టు లంకకు చేటంటారు గదే! ఇట్లా వీధిలో నిలబడి..." అంటూనే ఆగిపోయింది. చెయ్యి వదిలేసింది. "ఆ పొద్దు మా ఇంటికొచ్చినప్పుడు... నీకు తెల్సునా?"

"తెలుసక్కా."

నంజమ్మ కొట్టలేదు, తిట్టలేదు. "ఆ పిల్లని నా చేత్తో ఎండలో నిలబెట్టినా," అని మాత్రం అంది. కొంగు నడుముకి దోపుకుని, "పద, పోయి తోలుకొద్దాం," అంది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆటోలో చైత్ర పుట్టింటికి వెళ్ళారు. చైత్ర వాకిట్లో బియ్యం చెరుగుతోంది. వాళ్ళని చూసి చేట పక్కన పెట్టి లేచింది. నంజమ్మ కోడలి రెండు చేతులూ పట్టుకుని, తప్పయిపోయింది బిడ్డా, తెలీక నోరు పారేసుకున్నా అని భోరుమంది. ఆమె ఏడుపు చూసి పిల్ల తల్లి కూడా కళ్ళొత్తుకుంది. హేమావతి తను చెప్పవలసింది చెప్పింది. పాల కేంద్రం దగ్గర చెప్పినదే చెప్పింది గానీ, ఇక్కడ చెప్పడం దానికన్నా కష్టమైంది. చెబుతున్నంతసేపూ ఆ పిల్ల కళ్ళలోకే చూడాలని గట్టిగా అనుకుని వచ్చింది. సగంలోనే చూపు నేల మీదికి జారిపోయింది.

చైత్ర అంతా విన్నది. అత్త కళ్ళు తుడిచింది. "నువ్వు తెలీక అంటివి అత్తా," అంది. "పద, వస్తా." లోపలికి వెళ్ళి బట్టల సంచి తెచ్చుకుంది. అందరికీ చెంబుతో నీళ్ళిచ్చింది, హేమావతికీ ఇచ్చింది.

హేమావతి మనసు కొంచెం కుదుటపడింది. ఇవాళ అక్క ఇంట్లోనే ఉండిపోదాం, వీళ్ళతో కలిసి ఇంత తిందాం, గంగాధరుడి మొహం చూద్దాం అనుకుంది. ఆటో ఎక్కారు. చైత్ర అత్త పక్కన కూర్చుంది. హేమావతి వాళ్ళకి ఎదురుగా ఉన్న చిన్న పలక మీద సర్దుకుంది. ఆటో రోడ్డెక్కుతుండగా చైత్ర ముందుకి వంగి డ్రైవరు భుజం మీద తట్టింది.

"అన్నా, మేడంగారిని దార్లో వాళ్ళ కేంద్రం కాడ దింపేయ్. మేము ఇంటికి పోతాం."